కొండ మీది కవరును ఏ సూక్ష్మజీవి తింటుంది?

కార్తీకం మొదలైందంటే అరకు దారి రద్దీగా మారుతుంది. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డెక్కే కార్లు, కిరండూల్ రైలుకు తగిలించిన అద్దాల పెట్టెలు, వంజంగి మబ్బుల కోసం చీకటితోనే కొండెక్కే కుర్రకారు. వీళ్లతో పాటే వాటర్ బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు, బిర్యానీ పార్సిల్ కవర్లు, థర్మోకోల్ ప్లేట్లు కూడా పైకి చేరతాయి. సెలవు అయిపోగానే మనుషులు దిగిపోతారు. వాళ్లు తెచ్చిన సరుకు మాత్రం చాపరాయి బండల సందుల్లో, బొర్రా దారి మలుపుల కింద, బొంగు చికెన్ బడ్డీల వెనక ఉండిపోతుంది. నేరమంతా టూరిస్టుల మీదే వేయడానికీ లేదు. వారపు సంతల్లో షాంపూ, సబ్బుపొడి, బిస్కెట్లు చిన్న చిన్న ప్యాకెట్లలోనే అమ్ముడవుతాయి. చెత్తబండి రాని గూడెంలో ఖాళీ ప్యాకెట్‌కు మిగిలేవి రెండే దారులు: గెడ్డలోకి, లేదంటే చలిమంటలోకి.

గెడ్డలో పడినది అక్కడే ఆగదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖపట్నం తాగునీటిలో భాగం. అంటే కొండ మీది కవరు కొండవాళ్ల గొడవ మాత్రమే అనుకోవడానికి వీల్లేదు.

ఈ నేపథ్యంలోనే, ఏడాదికి రెండు మూడు సార్లు పత్రికల్లో ఒక వార్త వస్తుంది: ప్లాస్టిక్‌ను తినే బ్యాక్టీరియా దొరికిందని. చదివినవారికి సహజంగానే ఆశ పుడుతుంది. తూర్పు కనుమల అడవి మట్టిలో ఎన్నో రకాల సూక్ష్మజీవులు ఉన్నాయి కదా, వాటిలో ఏదో ఒకటి ఈ చెత్తను కరిగించదా అని. గత యాభై ఏళ్ల పరిశోధన ఈ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పిందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం. సారాంశం ముందే చెప్పుకుందాం. కొన్ని ప్లాస్టిక్‌లను సూక్ష్మజీవుల ఎంజైమ్‌లు నిజంగానే విడగొట్టగలవు, అదీ కర్మాగారంలో, తగిన వేడిలో. కొండల మీద ఎక్కువగా పడి ఉండే రకాల మీద మాత్రం వాటి పని ఇంకా లెక్కకు వచ్చేంత లేదు.

ఒక పేరు, పలు పదార్థాలు

పాలిమర్లు ప్రకృతికి కొత్త కాదు. కలపలోని సెల్యులోజ్, లిగ్నిన్, ఆకు పైపొరలోని క్యూటిన్, పట్టుదారం అన్నీ పాలిమర్లే. వాటిని విడగొట్టే ఎంజైమ్‌లను సూక్ష్మజీవులు కోట్ల ఏళ్లలో సమకూర్చుకున్నాయి. అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ ఆకు రాలి మట్టిగా మారుతోందంటే అది వాటి చలవే. లిగ్నిన్ లాంటి మొండి పదార్థాన్ని కూడా చెట్ల మొదళ్లను కుళ్లబెట్టే కొన్ని ఫంగస్‌లు విరగ్గొడతాయి.

సింథటిక్ ప్లాస్టిక్‌ల వయసు దీని ముందు ఎంత? పాలిథిన్ 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. వాటర్ బాటిళ్లకు వాడే పెట్ 1941లో వచ్చింది. 1950 నుంచి 2015 దాకా ప్రపంచం తయారు చేసిన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులని రోలాండ్ గెయర్ బృందం 2017లో లెక్కగట్టింది. అందులో చెత్తగా మారిన 630 కోట్ల టన్నుల్లో రీసైకిల్ అయింది 9 శాతమే. ఇంత ఆహారం ఒక్కసారిగా వచ్చి పడితే తినడం నేర్చుకునే జీవి ఏదో ఒకటి పుడుతుందన్న ఊహ తప్పు కాదు. చిక్కు రసాయన నిర్మాణంలో ఉంది.

పెట్, కొన్ని రకాల పాలీయురేథేన్, మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ, కంపోస్ట్ సంచుల్లో వాడే పీబీఏటీ వంటి వాటి గొలుసుల్లో ఎస్టర్ బంధాలు ఉంటాయి. నీటి అణువు సాయంతో ఈ బంధాన్ని తెంచవచ్చు. ఆకు మీది క్యూటిన్‌లోనూ ఇదే బంధం. క్యూటిన్‌ను తెంచడం వచ్చిన ఎంజైమ్‌కు పెట్‌ను తెంచడం అసాధ్యమేమీ కాదు. పాలిథిన్, పాలీప్రొపిలీన్, థర్మోకోల్‌లోని పాలీస్టైరీన్ సంగతి వేరు. వీటి వెన్నెముక అంతా కార్బన్‌కు కార్బన్ పట్టుకున్న గొలుసు. నీటితో తెగదు. ముందు ఆక్సిజన్ చొరబడాలి, గొలుసు తునాతునకలు కావాలి, అప్పుడే సూక్ష్మజీవి లోపలికి తీసుకోగలదు.

సంతలో కొన్న చిప్స్ ప్యాకెట్ అంచును గోటితో చీల్చి చూస్తే ఈ చిక్కు కంటికే కనిపిస్తుంది. బయట రంగులు అచ్చు వేసిన పలుచని పొర. లోపల వెండిలా మెరిసేది పాలీప్రొపిలీన్ మీద ఆవిరిగా పట్టించిన అల్యూమినియం. రెంటినీ అంటించిన జిగురు మరో పాలిమర్. షాంపూ ప్యాకెట్‌లోనైతే తరచూ ఒక పొర పెట్, ఇంకో పొర పాలిథిన్. ఎంజైమ్ ఏదైనా ఒక రకం బంధాన్నే గుర్తుపడుతుంది. ఒక పొరను తినగల జీవి దొరికినా, పక్క పొర దాని దారికి అడ్డం.

పాలిస్టర్ల మీద గెలుపు

ఈ రంగంలో తొలి ఆనవాలు 1975 నాటిది. జపాన్‌లో నైలాన్ కర్మాగారం మురుగు కుంటలో ఒక బ్యాక్టీరియా దొరికింది. నైలాన్ తయారీలో మిగిలే చిన్న అణువుల మీద అది బతుకుతోంది. నైలాన్ దారాన్నే అది తినలేదు గానీ, మనిషి చేసిన రసాయనానికి తగిన ఎంజైమ్‌లు కొన్ని దశాబ్దాల్లోనే ఏర్పడగలవని తేల్చింది.

అసలు మలుపు 2016 మార్చిలో వచ్చింది. ఒసాకా దగ్గరి సకాయ్ నగరంలో పెట్ బాటిళ్లు రీసైకిల్ చేసే చోట షోసుకే యోషిదా తదితరులు మట్టి, మురుగు, బురద కలిపి 250 నమూనాలు సేకరించారు. వాటిలో దొరికిన ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా పెట్‌నే ప్రధాన ఆహారంగా చేసుకుని పెరుగుతోంది. అది రెండు ఎంజైమ్‌లతో పని నడుపుతుంది. పెటేజ్ గొలుసును ముక్కలు చేస్తుంది, మెటేజ్ ఆ ముక్కలను టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలిన్ గ్లైకాల్‌గా విడదీస్తుంది. ఈ రెండూ పెట్ తయారీకి ముడిసరుకులే. 30 డిగ్రీల వేడిలో పలుచని పెట్ పొరను అది ఆరు వారాల్లో దాదాపు పూర్తిగా అరగదీసింది.

వార్తల్లో రాని షరతు ఒకటి ఇక్కడ ఉంది. ఆ ప్రయోగంలో వాడిన పొరలో స్ఫటిక భాగం 2 శాతం లోపే. వాటర్ బాటిల్‌లో అణువులు అంతకన్నా ఎన్నో రెట్లు బిగుతుగా, క్రమంగా పేరుకుని ఉంటాయి. ఆ బిగింపులోకి ఎంజైమ్ చొరబడలేదు. 70 డిగ్రీల దాపుకు వెళితేనే పెట్ గొలుసులు సడలుతాయి. ఆ వేడిలో పెటేజ్ పాడైపోతుంది.

దీనికి పరిష్కారం కుళ్లిన ఆకుల్లో దొరికింది. 2012లో జపాన్ పరిశోధకులు ఆకులు, కొమ్మల కంపోస్ట్ కుప్ప నుంచి డీఎన్ఏ తీసి, అందులోంచి వేడికి తట్టుకునే ఒక క్యూటినేజ్‌ను వేరు చేశారు. కంపోస్ట్ కుప్ప లోపల సహజంగానే వేడి ఎక్కువ, అక్కడి ఎంజైమ్‌లూ అందుకు తగ్గట్టే ఉంటాయి. ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలు, కార్బియోస్ కంపెనీ కలిసి దాన్ని మెరుగుపరిచారు. 2020లో వాళ్లు ప్రచురించిన ఫలితం ప్రకారం, ముందుగా కరిగించి పొడి చేసిన పెట్‌లో 90 శాతాన్ని ఆ ఎంజైమ్ 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో ముడిసరుకుగా మార్చింది. ఆ ముడిసరుకుతో మళ్లీ బాటిళ్లు చేశారు. 2022లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం మెషిన్ లెర్నింగ్ సాయంతో 50 డిగ్రీల్లోనే చురుగ్గా పనిచేసే మరో రకాన్ని రూపొందించింది. కార్బియోస్ తలపెట్టిన పెద్ద కర్మాగారం మాత్రం పెట్టుబడి సమకూరడంలో ఆలస్యమై వెనకబడింది. ప్రయోగశాలలో గెలిచినది బజారులో గెలవాలంటే చమురు నుంచి చేసే కొత్త ప్లాస్టిక్ ధరతో పోటీ పడాలి.

పాలీయురేథేన్ మీద కూడా ఆశ కలిగించే ఆధారాలు ఉన్నాయి. ఈక్వడార్ వర్షారణ్యంలోని మొక్కల లోపల బతికే పెస్టలోషియాప్సిస్ మైక్రోస్పోరా అనే ఫంగస్ గాలి అందని చోట కూడా పాలిస్టర్ రకం పాలీయురేథేన్‌ను వాడుకోగలదని యేల్ విద్యార్థులు 2011లో తేల్చారు. ఇస్లామాబాద్ చెత్తకుప్పలో దొరికిన ఆస్పర్‌జిల్లస్ ట్యూబింజెన్సిస్‌ది కూడా ఇదే కోవ. నైలాన్‌ను పక్కన పెడితే, ఈ జాబితా అంతటా కనిపించేది ఒకే బంధం, ఎస్టర్.

పాలిథిన్ దగ్గర పీటముడి

సంత నుంచి ఎగిరిపోయే పలుచని కవరు పాలిథిన్. కార్బన్-కార్బన్ గొలుసు. దీన్ని తినే సూక్ష్మజీవుల గురించి మన దేశంలోనే చాలా పత్రాలు వచ్చాయి. తమిళనాడు అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన కె. కదిరేశన్ 2003లో మడ అడవుల మట్టిపై చేసిన పరిశోధన వీటిలో తరచూ ఉదహరించేది. సూడోమోనాస్ బ్యాక్టీరియా నెలలో పాలిథిన్ బరువును 20.54 శాతం, ఆస్పర్‌జిల్లస్ గ్లాకస్ అనే ఫంగస్ 28.80 శాతం తగ్గించాయని అందులో ఉంది. ఐఐటీ మద్రాసుకు చెందిన ముకేశ్ డోబ్లే బృందం సముద్రంలో దొరికిన బాసిల్లస్ రకాలను ఏడాది పాటు పరీక్షించింది. ముందుగా వేడికి గురిచేసిన తక్కువ సాంద్రత పాలిథిన్ 19 శాతం, అలా చేయనిది 10 శాతం బరువు కోల్పోయాయి. ఇజ్రాయెల్‌లో పొలాల ప్లాస్టిక్ షీట్ల చెత్త నుంచి తీసిన రోడోకాకస్ రూబర్ 30 రోజుల్లో 8 శాతం దాకా తగ్గించింది.

వీటి పక్కన స్వీడన్ శాస్త్రవేత్త ఆన్-క్రిస్టీన్ ఆల్బెర్ట్‌సన్ చేసిన ప్రయోగాన్ని పెట్టి చూడాలి. ఆమె రేడియోధార్మిక కార్బన్‌తో పాలిథిన్ తయారు చేయించి మట్టిలో పెట్టారు. సూక్ష్మజీవి దాన్ని నిజంగా తింటే ఆ గుర్తున్న కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి రావాలి. పదేళ్లు కొలిచారు. వచ్చింది అర శాతం లోపు. ముందుగా అతినీలలోహిత కాంతిలో ఉంచిన నమూనాలో కూడా వచ్చింది కొద్దిగానే.

ఒకచోట నెలకు 20 శాతం, ఇంకోచోట పదేళ్లకు అర శాతం. ఇంత తేడా ఎందుకు? కొలిచినవి వేర్వేరు. బజారు కవరులో ఉండేది పాలిథిన్ ఒక్కటే కాదు. మెత్తదనానికి, రంగుకు, జారుడుకు కలిపిన పదార్థాలు ఉంటాయి. కొన్నిటిలో పిండిపదార్థం కూడా ఉంటుంది. సూక్ష్మజీవి ముందు తినేది వాటినే. గొలుసులో పొట్టిగా మిగిలిన ముక్కలూ సులభంగా పోతాయి. అంచుల్లో పెళుసుబారిన తునకలు కడిగేటప్పుడు రాలిపోయినా బరువు తగ్గినట్టే లెక్క. బరువు నష్టం తొలి ఆధారమే గానీ తుది ఆధారం కాదు. నెలకు 20 శాతం చొప్పున మట్టి నిజంగా పాలిథిన్‌ను తినేస్తే ఏ ఊరికీ డంపింగ్ యార్డు అవసరమే ఉండేది కాదు.

అందుకే ఇలాంటి వార్త చదివినప్పుడు పాఠకుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. పరీక్షించినది ఏ ప్లాస్టిక్, స్వచ్ఛమైనదా, బజారు సరుకా? ముందుగా ఎండకు, వేడికి, ఆమ్లానికి గురిచేశారా? బరువు మాత్రమే తగ్గిందా, పొడవాటి గొలుసులు కూడా తెగాయా? ఆ కార్బన్ సూక్ష్మజీవి ఒంట్లోకో, అది విడిచిన వాయువులోకో చేరినట్టు గుర్తుపెట్టిన అణువులతో చూపారా? చివరి ప్రశ్నకు జవాబు ఉన్న పత్రాలు తక్కువ. 2019లో జర్మనీకి చెందిన డాన్సో, చౌ, స్ట్రైట్ అప్పటిదాకా వచ్చిన సాహిత్యాన్నంతా వడపోసి, పెట్, ఎస్టర్ పాలీయురేథేన్‌లకు ఎంజైమ్‌లు తెలుసు గానీ, పొడవాటి పాలిథిన్, పాలీస్టైరీన్, పీవీసీ గొలుసులను తెంచే ఎంజైమ్ ఏదీ నిర్ధారణ కాలేదని తేల్చారు.

తరవాత పని ఆగలేదు. పసిఫిక్ సముద్రంలోని ప్లాస్టిక్ చెత్తలో దొరికిన పారెంజియోడాంటియం ఆల్బమ్ అనే ఫంగస్ ఎండతగిలిన పాలిథిన్‌ను రోజుకు సుమారు 0.05 శాతం చొప్పున కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుందని 2024లో నెదర్లాండ్స్ పరిశోధకులు గుర్తుపెట్టిన కార్బన్‌తోనే చూపారు. ఇది గట్టి ఆధారం. రేటు స్వల్పం, పైగా ముందు ఎండ పని చేసిపెట్టాలి. నీడన, ఆకుల కింద, మట్టిలో కూరుకుపోయిన కవరుకు ఈ సదుపాయం లేదు.

తేనెపట్టు నుంచి వచ్చిన కబురు

తేనె తీసేవారికి మైనపు పురుగు పాత శత్రువు. తెట్టెలోని మైనాన్ని తొలుస్తూ, సాలెగూడు లాంటి దారాలు అల్లి పట్టును పాడుచేస్తుంది. గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె వెనక ఉన్న కొండవాళ్లకు దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. స్పెయిన్‌లో ఫెడరికా బెర్టొచ్చిని అనే జీవశాస్త్రవేత్త తన తేనెపెట్టెల్లోంచి ఏరిన ఈ పురుగులను ప్లాస్టిక్ కవరులో వేసి ఉంచితే, కవరంతా చిల్లులు పడింది. 2017లో ఈ విషయం ప్రపంచమంతా మోగిపోయింది. మైనంలోనూ పాలిథిన్‌లోనూ పొడవాటి కార్బన్ గొలుసులే ఉంటాయి కనుక వాదన ఆకర్షణీయంగానే ఉంది.

ఆ ఏడాదే జర్మన్ శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. రసాయన మార్పుగా చూపిన గుర్తులు పురుగు గుజ్జు అంటుకోవడం వల్ల కూడా రావచ్చన్నారు. 2022లో బెర్టొచ్చిని బృందం పురుగు లాలాజలంలోని రెండు ఎంజైమ్‌లే పాలిథిన్‌ను ఆక్సీకరిస్తున్నాయని రాసింది. దాని మీదా చర్చ సాగుతోంది. నమలడం వేరు, జీర్ణం చేసుకోవడం వేరు. చిల్లు పడిన కవరు చిన్న తునకలుగా మారిందే తప్ప మాయం కాలేదంటే, మైక్రోప్లాస్టిక్‌ను పెంచినట్టే అవుతుంది. ఆవు పొట్టలోని ద్రవం పెట్‌ను, మరికొన్ని పాలిస్టర్లను కొంత విడగొట్టిందన్న 2021 నాటి ఆస్ట్రియా ఫలితాన్ని కూడా ఇలాగే చదవాలి. కవర్లు మింగిన పశువు వాటిని అరిగించుకోగలదని దానికి అర్థం కాదు. ఆ కవర్లు పొట్టలో ముద్దకట్టి ప్రాణం మీదికి తెస్తాయి.

చలి కొండల లెక్క

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. చింతపల్లి మండలం లంబసింగిలో చలికాలం ఉష్ణోగ్రత సున్నా దాపుకు దిగడం ఏటా వార్తే. సూక్ష్మజీవుల పనిలో వేడి పాత్ర ఎంతో పైన చూశాం. కొండ చలిలో ఏమవుతుంది?

స్విట్జర్లాండ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ఆల్ప్స్ కొండల నుంచి, ఆర్కిటిక్ ప్రాంతం నుంచి తెచ్చిన 34 రకాల సూక్ష్మజీవులను 15 డిగ్రీల దగ్గర పరీక్షించారు. వాటిలో 19 రకాలు పాలీయురేథేన్‌ను విడగొట్టాయి. పీబీఏటీ, పీఎల్ఏ కలిసిన పొరలను 17 రకాలు విడగొట్టాయి. మామూలు పాలిథిన్‌ను 126 రోజుల తరవాత కూడా ఒక్కటీ తాకలేకపోయింది. చలిలో పనిచేసే జీవులు ఉన్నాయి, వాటి విలువ గొప్పది. పాలిథిన్ దగ్గర మాత్రం అవీ ఆగిపోయాయి.

కంపోస్ట్ అయ్యే సంచులంటూ అమ్మే వాటి సంగతి కూడా ఈ వెలుగులోనే చూడాలి. మన దేశంలో వాటికి ఐఎస్ 17088 ప్రమాణం ఉంది. ఆ పరీక్ష పారిశ్రామిక కంపోస్ట్ వేడిలో, సుమారు 58 డిగ్రీల దగ్గర జరుగుతుంది. ఆ పరీక్ష నెగ్గిన సంచి గెడ్డ ఒడ్డున పడితే అంతే వేగంగా కలిసిపోతుందని అనుకోకూడదు. తిరుమలలో లడ్డూ ప్రసాదం కోసం డీఆర్‌డీఓ రూపొందించిన సంచులను 2021 ఆగస్టులో ప్రవేశపెట్టారు. అక్కడ కొండ ఒకటే, నిర్వహించే సంస్థా ఒకటే, చెత్త ఒకచోట చేర్చే ఏర్పాటూ ఉంది. అరకులో హోటళ్లు, రిసార్టులు, బడ్డీలు, సంతలు డజన్ల పంచాయతీల్లో చెదిరి ఉన్నాయి. సంచిని మార్చినంత మాత్రాన సరిపోదు. దాన్ని సేకరించి వేడి కంపోస్ట్‌కు చేర్చే దారి కూడా ఉండాలి. ఆక్సో డిగ్రేడబుల్ పేరుతో వచ్చిన కవర్లయితే పొడిపొడి అయి మైక్రోప్లాస్టిక్‌గా మిగులుతాయన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంతో వాటిని నిషేధించింది.

కాఫీ నర్సరీలో ఒక అవకాశం

సూక్ష్మజీవుల విజ్ఞానం ఈ కొండలకు తక్షణం మేలు చేయగల చోటు చెత్తకుప్ప కాదు, కాఫీ నర్సరీ.

2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్షకు పైగా ఎకరాల్లో గిరిజన రైతులు ఈ పంట పెంచుతున్నారు. ప్రతి కాఫీ మొక్క బతుకూ ఒక నల్ల పాలిథిన్ సంచిలో మొదలవుతుంది. అడవి మట్టి ఆరు పాళ్లు, పశువుల ఎరువు రెండు పాళ్లు, సన్న ఇసుక ఒక పాలు కలిపి, అడుగున చిల్లులు ఉన్న సంచిలో నింపి, మొలకను అందులోకి మారుస్తారు. వానలు పడ్డాక గొయ్యి దగ్గర సంచిని బ్లేడుతో కోసి, మట్టిగడ్డ చెదరకుండా మొక్కను దించుతారు. కోసిన సంచి వాలు మీద గొయ్యి పక్కనే పడి ఉంటుంది. ఎకరానికి వందల మొక్కలు, మొక్కకో సంచి. నీడ చెట్ల కింద ఎండ తగలదు కనుక అది పెళుసుబారడం కూడా నెమ్మదే.

ఇక్కడ పాలిథిన్‌కు బదులు మట్టిలోనే కలిసిపోయే పాలిస్టర్ సంచి వాడవచ్చా? జ్యూరిక్ పరిశోధకులు 2018లో గుర్తుపెట్టిన కార్బన్‌తో పీబీఏటీని పరీక్షించి, మట్టి సూక్ష్మజీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా, తమ శరీర పదార్థంగా మార్చుకుంటాయని రుజువు చేశారు. ఆల్బెర్ట్‌సన్ పాలిథిన్‌కు పెట్టిన కఠిన పరీక్ష లాంటిదే ఇది, ఈసారి ఫలితం సానుకూలం. పొలాల్లో పరిచే మల్చింగ్ షీట్లకు ఐరోపాలో ఈఎన్ 17033 అనే ప్రమాణం 2018 నుంచి అమల్లో ఉంది. మామూలు మట్టి వేడిలో, రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని అది కోరుతుంది. కాఫీ సంచికి కావాల్సింది ఇలాంటి ప్రమాణమే.

కోరాల్సిన గుణాలు రెండు, ఒకదానితో ఒకటి పేచీ పడేవి. నర్సరీలో నెలల తరబడి రోజూ నీళ్లు పడినా సంచి చిరగకూడదు. గోతిలోకి దిగాక ఒకటి రెండు వర్షాకాలాల్లో ఆనవాలు లేకుండా పోవాలి. ఈ లెక్క ఐరోపా మట్టిలో కాక పాడేరు, అరకు, అనంతగిరి తోటల మట్టిలోనే తేలాలి. వేర్వేరు ఎత్తుల్లో సంచులు పాతిపెట్టి, రెండేళ్ల పాటు తవ్వి చూసే పరీక్ష ఇది. పాడేరు ఐటీడీఏ నర్సరీలు, కాఫీ బోర్డు, విశాఖ విశ్వవిద్యాలయాలు తలచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా చేయగలవు.

ఆ మట్టి ఎవరిది?

కంపోస్ట్ కుప్పలోని ఎంజైమ్ పరిశ్రమకు పనికొచ్చిందంటే, తూర్పు కనుమల ఆకుచెత్త అడుగున కూడా వెతకడం సబబే. ప్రపంచవ్యాప్త మట్టి, సముద్ర డీఎన్ఏ సమాచారాన్ని జల్లెడ పట్టిన స్వీడన్ పరిశోధకులు 2021లో పది రకాల ప్లాస్టిక్‌లకు సంబంధించి 30 వేలకు పైగా ఎంజైమ్ పోలికలను గుర్తించారు. అవి అంచనాలే, ఒక్కొక్కటీ పరీక్షలో నెగ్గాలి. అయినా గాలించడానికి సరుకు ఉందని అర్థమవుతోంది.

గాలించే ముందు ఒక పాత పాఠం గుర్తుంచుకోవాలి. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడి ఊటల్లో 1966లో సేకరించిన బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైమ్ పీసీఆర్ పరీక్షలకు ప్రాణమై వేల కోట్ల వ్యాపారమైంది. ఆ ఉద్యానవనానికి అందులో వాటా రాలేదు. మన జీవవైవిధ్య చట్టం, 2002 ఈ విషయంలో మెరుగు. జీవ వనరుల నిర్వచనంలో సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి. వాటి ఆధారంగా పేటెంట్ కోరాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దారి దాటాలి. లాభంలో స్థానికులకు వాటా ఉండాలి. అరకు అయిదో షెడ్యూలు ప్రాంతం, 1996 నాటి పెసా చట్టం ఇక్కడి గ్రామసభకు సహజ వనరులపై మాట చెప్పే హక్కు ఇచ్చింది. కొండదొరలు, బగతలు, వాల్మీకులు, పోర్జాలు, గదబలు తరతరాలుగా కాచిన అడవి అడుగున దొరికే జీవి ఎక్కడో సీసాలో ఆస్తిగా మారేముందు గ్రామసభకు విషయం తెలియాలి. మట్టి నమూనా తీసేవారు ఈ పనిని కాగితం తంతుగా చూడకూడదు.

తీర్పు

ఆధారాలన్నీ ఒకచోట పేర్చితే తేలేది ఇది. పెట్ విషయంలో ఎంజైమ్‌లు కర్మాగార స్థాయికి చేరువయ్యాయి. అవి పనిచేయాలంటే బాటిల్ కొండ దిగి, ఏరబడి, శుభ్రమై, పొడై, వేడి ట్యాంకులోకి చేరాలి. ఎస్టర్ బంధాలున్న కొత్త రకం సంచులను మట్టి జీవులు నిజంగా తినగలవు, ఆ జ్ఞానాన్ని కాఫీ నర్సరీలో వాడుకోవచ్చు. పాలిథిన్ కవరు, పొరల ప్యాకెట్, థర్మోకోల్ ప్లేటు మీద చల్లితే కరిగించే మందు లేదు. ఎవరైనా డబ్బాలో పోసి అమ్ముతున్నా, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అడగకుండా పంచాయతీలు కొనకూడదు.

మిగిలిన పని మనుషులదే. దేశంలో 2020-21లో లెక్కకు వచ్చిన ప్లాస్టిక్ చెత్త సుమారు 41 లక్షల టన్నులు. 2016 నాటి ప్లాస్టిక్ చెత్త నిర్వహణ నిబంధనలు గ్రామ పంచాయతీలను కూడా బాధ్యుల్ని చేశాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు పొరల ప్యాకెట్లను తయారీదారులే వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలన్నాయి. 2022 జూలై 1 నుంచి థర్మోకోల్ అలంకరణలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు నిషేధం. చట్టం లేక కాదు, చట్టం ఘాట్ రోడ్డు ఎక్కక ఈ చెత్త మిగిలింది. ప్యాకెట్ అమ్మిన కంపెనీ నగరంలో చెత్త ఏరి లెక్క సరిపెట్టుకోకుండా, సంత జరిగే చోటనే సేకరణ పెట్టాలి. టూరిజం వసూళ్లలో కొంత ఈ సేకరణకు, ఏరే గిరిజన మహిళల కూలికి కేటాయించాలి.

ప్రత్యామ్నాయం కూడా కొండల్లోనే ఉంది. అడ్డతీగ ఆకులను పుల్లలతో కుట్టిన విస్తరి పూర్తిగా సెల్యులోజ్, లిగ్నిన్. దాన్ని ఎలా కలిపేసుకోవాలో ఇక్కడి మట్టికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే కొనేముందు తిప్పి చూడాలి. మిషన్ మీద అచ్చొత్తిన కొన్ని ఆకు ప్లేట్ల కింద పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. ఆ పొర ఉంటే అది విస్తరి కాదు. హోటళ్లు, రిసార్టులు పుల్లలతో కుట్టిన విస్తరినే వాడాలని స్థానిక సంస్థలు పట్టుబడితే చెత్త తగ్గుతుంది, ఆకు ఏరేవారికి ఆదాయమూ వస్తుంది.

అరకు వెళ్లేవారికి చివరి మాట. ఏ బ్యాక్టీరియా మన కవరు కోసం అక్కడ కాచుకుని లేదు. పైకి తీసుకెళ్లిన ప్రతి బాటిల్‌నూ, ప్రతి ప్యాకెట్‌నూ అదే సంచిలో వేసి కిందికి తెచ్చేయండి.